అంకబాబు వేసిన ఆకుపచ్చ గుర్తు

రండి రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ పల్లీలు నమిలే చప్పుడు కాస్త ఆపండి. వెనక ఎవరో ఇంకా కోడలి సంగతులే చెప్పుకుంటున్నారు. అవెక్కడికీ పోవమ్మా, రేపు కూడా ఉంటాయి. నమ్మితే నమ్మండి, నమ్మకపోతే మానండి గానీ, మధ్యలో మాత్రం లేవకండి. చిన్నపిల్లలుంటే ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఎందుకన్నది కాసేపట్లో మీకే తెలుస్తుంది.

చందమామ మీద వెన్నెలపేట అనే ఊరు. పేరే గానీ అక్కడ వెన్నెలనేది ఉండదు, అదంతా కింద మనకే. వాళ్ళు తలెత్తితే నల్లటి ఆకాశంలో నీలంగా, తాంబాళమంత భూమి వేలాడుతూ కనిపిస్తుంది. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు నుంచి మంచు తవ్వే పనికి వెళ్ళినవాళ్ళు ఎప్పుడో లావా పారిన సొరంగమొకటి చూసుకుని, రెండు చివర్లా గాలితలుపులు బిగించి, లోపల గాలి నింపుకుని కాపురాలు పెట్టారు. అక్కడ మనిషి బరువు ఆరో వంతే. అందుకని వీధిలో ఎవరూ నడవరు, గెంతుతారు. పోపు పెడితే ఆవాలు ఇంటికప్పు దాకా లేచేవి. పెళ్ళిలో తలంబ్రాలు పోసుకుంటే అవి తల మీద దిగేలోపు పురోహితుడికి ఇంకో మంత్రం పూర్తయ్యేది.

ఆ పెళ్ళిళ్ళన్నిటికీ ఒకడే దిక్కు. అంకబాబు. అంకబాబు టెంట్ హౌస్ అంటే వెన్నెలపేటలో తెలియనివాళ్ళు లేరు.

ఎందుకంటే, ఆ ఊళ్ళో పెళ్ళి సొరంగంలో చేస్తే మర్యాద కాదు. బయట చెయ్యాలి, నెత్తి మీద భూమి కనపడాలి. బయటేమో గాలి లేదు. అంకబాబు వచ్చి గాలిపందిరి ఊదేవాడు. అద్దంలాంటి గుడ్డతో కుట్టిన బ్రహ్మాండమైన బుడగ అది, ఊరంతా పట్టేంత. అందులో కుర్చీలు ఎగిరిపోకుండా కొక్కేలు, సాంబారు చెదిరిపోకుండా మూతల బకెట్లు, అన్నం గుండిగలు, గరిటెలు, అన్నీ అతనివే. ప్రతి వస్తువు మీదా ఆకుపచ్చ రంగుతో ఒక గుర్తు ఉండేది. అడ్డంగా ఒక గీత, దాని కింద చుక్క. పెళ్ళి అయిపోయాక గుర్తున్నదల్లా బండెక్కాల్సిందే. గుర్తు లేనిది పెళ్ళివారిది. టెంట్ హౌసుల లెక్క భూమ్మీదా అంతే, చందమామ మీదా అంతే.

అతని పెళ్ళాం కోటేశ్వరి. వాళ్ళ కూతురు రత్తి, అప్పుడప్పుడే పలక పట్టిన పిల్ల. అంకబాబుకి ముప్ఫై దాటి ఎంతో కాలేదు. నల్లగా, పొట్టిగా ఉండేవాడు. నోరు తెరిస్తే కబుర్లే. ఎక్కడికి వెళ్తున్నా గుమ్మంలో నిలబడి, "ఐదు నిమిషాల్లో వస్తానే" అనేవాడు. ఆ ఐదు నిమిషాలు ఒక్కోసారి మధ్యాహ్నం దాకా సాగేవి. ఒకరోజు అలాగే ఐదు నిమిషాల్లో వస్తానని చెప్పి కుర్చీలు దించడానికి వెళ్ళాడు. కుర్చీ భుజాన పెట్టుకునే ఉన్నాడు, గుండె ఆగిపోయింది. కుర్చీ మాత్రం చాలాసేపు గాల్లోనే ఉండి, నిదానంగా అతని పక్కన వాలిందట.

కోటేశ్వరి అన్నం మానేసింది. రత్తి రోజూ గుమ్మంలో కూర్చుని, "ఐదు నిమిషాలు అయిపోయినయ్యా అమ్మా?" అని అడిగేది. అది వినలేకే కోటేశ్వరి తలపుబొమ్మకి ఒప్పుకుంది.

తలపుబొమ్మ అంటే ఏమిటో చెప్పాలి. ఆ రోజుల్లో అది కొత్తగా వచ్చింది. సైన్సు వాళ్ళు మెమరీ ప్రాక్సీ అనేవారు, మనవాళ్ళు తలపుబొమ్మ అన్నారు. పోయినవాళ్ళ కొలతలతో మెత్తలోహంతో ఒక శరీరం చేస్తారు. చూడ్డానికి, ముట్టుకోవడానికి మనిషే. దాని లోపల మాత్రం ఏమీ ఉండదు, ఖాళీ. దాంతోపాటు తలపుగిన్నె అని ఇత్తడి గిన్నెలాంటిదొకటి ఇస్తారు. పెద్దకర్మ రోజున ఆ గిన్నె నడివాకిట్లో పెడితే, వచ్చినవాళ్ళందరూ పోయిన మనిషి గురించి తమకు తెలిసింది అందులో చెప్పాలి. ఒక నోరు చెప్పింది ఉల్లిపొరంత పలుచగా అతుక్కుంటుంది. పదిమంది నోట పడింది గట్టి ఎముక అవుతుంది. అలా జనం మాటల్లోంచి మనిషి తయారై లేచి నిలబడతాడు. ఏడాది ఉంటాడు. సంవత్సరీకం రోజున తనంతట తానే గాలితలుపు దాటి వెళ్ళి, బయట ఆగిన కంపెనీ బండి ఎక్కుతాడు. బండి అతన్ని కొలిమికి తీసుకుపోతుంది. అక్కడ కరిగించి ఇంకొకరికి వాడతారు.

వెన్నెలపేటలో ఆ పని చూసేది డాక్టర్ షమీమ్. గుంటూరమ్మాయి, గుంటూరులోనే చదువుకుంది. పెద్దకర్మ రోజున గిన్నె పెట్టి, "చూడండమ్మా, నిజం చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇది వినడమే గానీ తూకం వెయ్యడం తెలియని యంత్రం" అని మరీ మరీ చెప్పింది.

మనవాళ్ళ సంగతి తెలుసుగా మీకు. పోయినవాడి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పే ఇల్లు ఎక్కడైనా ఉందా? ఒకాయన ముందుకొచ్చి, "అంకబాబుకి కోపమనేదే తెలీదు" అన్నాడు. అందరూ అవునన్నారు. "ఎప్పుడు చూసినా నవ్వుమొహమే" అని ఒకావిడ. అవునన్నారు. "ఒక్క గరిటె, ఒక్క చెంచా మర్చిపోయి ఎరగడు. తనదన్నది వదిలిపెట్టి ఒక్క అడుగు కదలడు." అవునవును. "అడిగిన పని ఏదీ కాదనడు." అవునన్నారు. "పట్టుకుంటే విడిపించేవాడు లేడు. అన్నం గుండిగ ఒంటిచేత్తో ఎత్తేవాడు." చందమామ మీద గుండిగ ఎవరైనా ఒంటిచేత్తో ఎత్తుతారు, అయినా అవునన్నారు. చివరికి పున్నయ్య తాత వంతు వచ్చింది. ఆయన మంచు పనిలోకి మొదట వచ్చినవాళ్ళలో ఒకడు. భూమి నుంచి వచ్చేటప్పుడు గొడుగు తెచ్చుకున్న ఒకే ఒక్క మనిషి. ఊళ్ళో పెళ్ళికొడుకులు కాశీయాత్రకి బయల్దేరాలంటే ఆ గొడుగే గతి. అంకబాబు ఏదో పెళ్ళికి దాన్ని అడిగి తీసుకెళ్ళి, మళ్ళీ ఇవ్వనేలేదు. అయినా తాత కళ్ళు తుడుచుకుని, "దేవుడు బాబూ, దేవుడు" అని గిన్నెలో చెప్పి వెళ్ళి కూర్చున్నాడు.

తర్వాత ఏడుపులు మొదలయ్యాయి. కోటేశ్వరి అత్తగారు సీతారావమ్మ గుండెలు బాదుకుంది. కోటేశ్వరి నేల మీద పడి ఏడ్చింది. ఊరి ఆడవాళ్ళందరూ చుట్టూ చేరి శోకాలు పెట్టారు. గిన్నె మూత ఎవరూ వెయ్యలేదు. ఆ సంగతి గుర్తుంచుకోండి.

బొమ్మ లేచింది. అంకబాబే. అదే పొట్టి, అదే నలుపు. రత్తి ఒక్క గెంతులో వెళ్ళి మెడ పట్టుకుంది. మొదటి నెల కోటేశ్వరి తనకు పోయింది తిరిగొచ్చిందనే అనుకుంది.

రెండో నెలలో ఒకరోజు రత్తి పొయ్యిగట్టు మీద నుంచి పడి గడ్డం చీరుకుంది. నెత్తురు బొట్లు బొట్లుగా, మెల్లగా గాల్లో దిగుతోంది. పిల్ల కెవ్వున ఏడుస్తోంది. కోటేశ్వరి పరుగెత్తుకొచ్చేసరికి బొమ్మ పిల్లని ఎత్తుకుని, గాయానికి గుడ్డ అదిమి పట్టి, అన్నీ సరిగ్గానే చేస్తోంది. కానీ నవ్వుతోంది. పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది.

"ఏమయ్యా, పిల్లకి నెత్తురు కారతంటే నవ్వుతావేంది?" అంది కోటేశ్వరి.

"నేను ఎప్పుడూ నవ్వుమొహంతోనే ఉంటా గదే" అన్నాడు.

కోటేశ్వరి పిల్లని అతని చేతుల్లోంచి లాక్కుంది. ఆ రోజు నుంచి ఆమె గమనించడం మొదలుపెట్టింది. తిట్టినా నవ్వు. కూరలో ఉప్పు మర్చిపోయినా నవ్వు. పడుకుంటే కళ్ళు తెరుచుకునే నవ్వు. అంకబాబు అలా కాదు. ఉప్పు లేకపోతే పళ్ళెం నెట్టేసి, వీధి చివర దాకా వినపడేలా అరిచి, మళ్ళీ తనే ఉప్పుడబ్బా తెచ్చుకునేవాడు. ఎవరికైనా చెప్పుకుందామంటే ఏం చెప్తుంది? మా ఆయన నన్ను తిట్టడం లేదని చెప్తుందా? చెప్తే అత్తగారు ఒక్కటే మాట అంది: "అదృష్టం పట్టలేక మాట్లాడతన్నావు."

సంవత్సరీకం దగ్గర పడింది. ఒకరోజు కోటేశ్వరి అన్నం వార్చబోతే గిన్నె అడుగున ఆకుపచ్చ గుర్తు కనిపించింది. అడ్డగీత, కింద చుక్క. అది టెంట్ హౌసు గిన్నె కాదు, ఆమె పుట్టింటి గిన్నె. పోనీలే, పొరపాటున వేశాడేమో అనుకుంది. మర్నాడు దిండు మీద ఉంది గుర్తు. తర్వాత తువ్వాలు మీద, పీట మీద, రత్తి పలక మీద. ఇంట్లో ఒక్కొక్కటే ఆకుపచ్చ అవుతోంది. బొమ్మ పక్కగదిలో గోనెసంచులు సర్దుతోంది. లోపల నుంచి మెల్లగా కూనిరాగం వినపడుతోంది.

సంవత్సరీకం రోజు పొద్దున కోటేశ్వరి కూతురికి తలంటుదామని పీట మీద కూర్చోబెట్టింది. కాళ్ళకి నూనె రాస్తూ మడమ తిప్పి చూసింది.

మడమ మీద అడ్డగీత. కింద చుక్క. రంగు ఇంకా తడిగానే ఉంది.

ఆమె చేతిలో నూనెగిన్నె జారి, నిదానంగా, అతి నిదానంగా నేలకి దిగింది.

"నాన్న వేశాడమ్మా" అంది రత్తి, నవ్వుతూ. "చక్కిలిగిలి పెట్టింది. నీకూ వేశాడు గదా, నువ్వు నిద్రపోయేటప్పుడు."

కోటేశ్వరి ముంజేతి మీదున్న గాజులు పైకి తోసి చూసుకుంది. ఉంది.

వెనక నుంచి అంకబాబు గొంతు వినపడింది. "ఇవాళ పోవాలి గదే. అన్నీ సర్దేశా. ఏదీ వదిలిపెట్టను."

"ఎక్కడికి పోవాలి?"

"బండి వస్తదిగా. ముందు పిల్లని ఎక్కిస్తా. తర్వాత నిన్ను."

"బయట గాలి లేదయ్యా! పిల్ల బతకదయ్యా!"

"నువ్వేగా అడిగావు" అన్నాడు నవ్వుతూ.

కోటేశ్వరి పిల్లని చంకన వేసుకుని ఒక్క గెంతున వీధిలో పడింది. నాలుగిళ్ళ అవతల అత్తగారి చేతిలో పెట్టి, "గడియ వెయ్యి అత్తమ్మా, ఎవరొచ్చినా తియ్యొద్దు" అని చెప్పి డాక్టర్ షమీమ్ ఇంటికి గెంతింది. ఆ గెంతులకి రెండిళ్ళ కప్పులు దాటిందంటారు.

షమీమ్ ఆ మడమ సంగతి వినగానే చేతిలో టీ కప్పు వదిలేసింది.

"ఆపేయండి డాక్టరమ్మా. మీట ఎక్కడుంది? నొక్కెయ్యండి."

"మీట లేదు కోటేశ్వరిగారూ. మొదట్లో చేసిన బొమ్మలకి ఉండేది. ఏడాది అయ్యాక నొక్కమంటే ఒక్క ఇంటివాళ్ళూ నొక్కలేకపోయారు. మొగుణ్ణి చేజేతులా ఆర్పేస్తామా అని ఏడ్చేవాళ్ళు. అందుకని మీట తీసేసి, దానంతట అదే వెళ్ళిపోయేలా చేశాం."

"తలుపన్నా తెరుచుకోకుండా చెయ్యండి!"

"తలుపు మన చేతిలో లేదు, కంపెనీ బండి వచ్చే వేళకి దానంతట అదే తెరుచుకుంటుంది. ఆపమని భూమికి కబురు పెడతాను. కానీ..." షమీమ్ తల పట్టుకుంది. "అక్కడ ఇవాళ ఆదివారం. ఆఫీసులో ఎవరూ ఉండరు."

తలపుగిన్నె బల్ల మీద పెట్టి, అందులో ఎముకలా గట్టిపడిన మాటలేమిటో షమీమ్ వెతికింది. పదిమంది చెప్పినవి, ఇరవైమంది చెప్పినవి. అన్నిటికన్నా గట్టిది దొరికింది. ఊరు ఊరంతా చెప్పిన మాట. గిన్నెలోంచి ఆడవాళ్ళ గొంతులు ఒక్కసారిగా బయటికొచ్చాయి.

"మమ్మల్ని ఎందుకు వదిలిపోతన్నావయ్యా... మమ్మల్ని కూడా తీసుకుపోవయ్యా... నీ బిడ్డనన్నా తీసుకుపోవయ్యా..."

అన్నిటి మీదికీ తేలుతున్న గొంతు కోటేశ్వరిదే.

ఆమె చెవులు మూసుకుంది. "అది ఏడుపు డాక్టరమ్మా! శోకం! చచ్చినింట్లో ఎవురైనా అట్టానే ఏడుస్తారు. నిజంగా తీసుకుపొమ్మనా?"

"మనకి తెలుసు. దానికి తెలీదు. తనదన్నది వదలడని చెప్పారు. తీసుకుపొమ్మని చెప్పారు. అడిగిన పని కాదనడని చెప్పారు. అది మంచివాడు కోటేశ్వరిగారూ. మీరందరూ కలిసి చేసినంత మంచివాడు. అందుకే ఆగడు."

"ఇప్పుడు వద్దని చెప్తా. గిన్నెలో చెప్తా."

"ఆజ్ఞ వినదు. జ్ఞాపకం ఒక్కటే వింటుంది. తనదన్నది అతను వదిలేసి వచ్చిన సంగతి ఏదైనా ఉంటే చెప్పండి. వెంటనే దానికి చేరుతుంది. కానీ మీ ఒక్కరి నోరు చాలదు. పదిమంది అవుననాలి."

కోటేశ్వరి గిన్నె చంకన పెట్టుకుని పరిగెత్తింది.

గాలితలుపు దగ్గర ఊరంతా పోగై ఉంది. సంవత్సరీకం కదా, బొమ్మని సాగనంపడానికి పసుపు, కుంకుమ, పూలు పట్టుకుని వచ్చారు. రెండు తలుపుల్లో లోపలిది అప్పటికే తెరుచుకుంది. దాని అవతల చిన్న గది. దాని అవతల బయటి తలుపు. అది తెరుచుకుంటే ఇక గాలనేది లేదు. అద్దంలోంచి బయట కంపెనీ బండి ఆగి ఉండడం కనిపిస్తోంది. అంకబాబు గోనెసంచులు ఒక్కొక్కటే ఆ గదిలోకి చేరవేస్తున్నాడు. అతని భుజం మీద రత్తి కూర్చుని ఉంది.

"పిల్లని ఎందుకిచ్చావత్తమ్మా!" అని కోటేశ్వరి అరిచింది.

"కన్నతండ్రి వచ్చి నా బిడ్డని ఒకసారి ఎత్తుకుంటానంటే కాదంటానా?" అంది సీతారావమ్మ కళ్ళొత్తుకుంటూ. "ఆఖరిసారి కదే."

నలుగురు మొగాళ్ళు వెళ్ళి బొమ్మ చేతులు పట్టుకున్నారు. పట్టుకుంటే విడిపించేవాడు లేడని చెప్పింది వాళ్ళే కదా. బొమ్మ చిరునవ్వుతో భుజం విదిలిస్తే నలుగురూ దూదిపింజల్లా లేచి వెళ్ళి సొరంగం కప్పుకి తగిలి, తీరిగ్గా కిందికి దిగారు. రత్తి ఇప్పుడు భయపడింది. తండ్రి జుట్టు వదిలి, "అమ్మా, నేను రానమ్మా" అని చేతులు చాచింది. బొమ్మ ఆ చేతుల్ని మెల్లగా మడిచి తన మెడ చుట్టూ పెట్టుకుంది. ఇక తెరుచుకునే వేళైందని బయటి తలుపు మీద ఎర్రదీపం వెలిగింది.

కోటేశ్వరి గిన్నె కింద పెట్టి, అందులోకి వంగి అరిచింది.

"మా ఆయన మతిమరుపు మనిషి!"

పూలు పట్టుకున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

"లింగాలవారి పెళ్ళిలో, కుర్చీలు బండెక్కించాడు, గుండిగలు ఎక్కించాడు, గరిటెలు ఎక్కించాడు, ఈల వేసుకుంటా ఇంటికొచ్చాడు. పిల్లేదయ్యా అంటే మొహం తెల్లబోయింది. వేదిక వెనకాల గుడ్డల మీద పిల్ల నిద్రపోతా ఉంటే అక్కడే వదిలేసి వచ్చాడు! ఆ రోజు నేను చీపురు తీసుకున్నా. మీరందరూ చూశారు. చెప్పండి! చూశారా లేదా?"

బొమ్మ నవ్వు ఒక్క క్షణం వణికింది. కానీ అడుగు ముందుకే పడింది. ఒక్క నోరు చాలలేదు.

"ఏమే, మతి పోయిందా?" అంది సీతారావమ్మ. "చచ్చిపోయిన నా బిడ్డ మీద ఊళ్ళో నింద వేస్తావా? సంవత్సరీకం రోజున? కళ్ళు పోతయ్యే!"

"కళ్ళు పోతే పోనీ అత్తమ్మా, పిల్ల పోతంది! నీ కొడుకు నీకు తెలీదా? నువ్వు చెప్పత్తమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోయినవాడి మీద చెడ్డమాట పెదవి దాటడం లేదు ఎవరికీ. ఎర్రదీపం ఆరి వెలిగింది, ఆరి వెలిగింది.

సీతారావమ్మ మనవరాలిని చూసింది. పెదాలు కదిలాయి. ముసలావిడ గిన్నె దగ్గరికి వచ్చి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, సిగ్గుపడుతూ చిన్నగా అంది:

"మొదటిసారి చందమామ మీదికి వచ్చేటప్పుడు... నన్ను రాకెట్ స్టేషన్లో మర్చిపోయి వచ్చాడు."

అంతే. ఎక్కడో ఎవరో ఫక్కున నవ్వారు. ఏడాది నుంచి దాచుకున్నదంతా ఊరి నోళ్ళలోంచి బయటపడింది.

"మా అమ్మాయి పెళ్ళికి పందిరి తెచ్చాడు, ఊదే పంపు తేవడం మర్చిపోయాడు!"

"నన్ను తిట్టాడు! కుర్చీ విరిగిందని మా వంశమంతా తిట్టాడు!"

"క్యారమ్స్‌లో దొంగాట ఆడేవాడు!"

"అవునవును! రెడ్ కాయిన్ లుంగీలో దాచేవాడు!"

"ఐదు నిమిషాల్లో వస్తానని చెప్పి మా గృహప్రవేశానికి మర్నాడు వచ్చాడు!"

"నా గొడుగు!" అని పున్నయ్య తాత కర్ర ఎత్తాడు. "నా గొడుగు పట్టుకెళ్ళి మింగాడు! దేవుడంట దేవుడు! వాడు దేవుడైతే నా గొడుగేదీ?"

అవునవునని జనం గోల. పెద్దకర్మ రోజు అన్న అవుననడం కాదిది. ఆ రోజు తలలు వంచుకుని అన్నారు, ఇవాళ ఒకరి వీపు ఒకరు చరుచుకుంటూ, కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వుతూ అంటున్నారు.

బొమ్మ ఆగింది. మొహం మీది నవ్వు మెల్లగా జారిపోయింది. కనుబొమలు ముడిపడ్డాయి. సంచి కింద పెట్టి జేబులు తడుముకుంది. చొక్కా జేబు, లాగు జేబు, మళ్ళీ చొక్కా జేబు. ఏదో మర్చిపోయినవాడిలా నుదురు కొట్టుకుంది. భుజం మీద పిల్ల అడ్డం వస్తుంటే, "ఉండవే రత్తీ, పంపు ఎక్కడ పెట్టానో" అని చిరాకుగా పిల్లని కిందికి దించింది.

రత్తి కాళ్ళు నేలకి తగలగానే ఒక్క గెంతు గెంతింది. కోటేశ్వరి గాల్లోనే అందుకుని గుండెకి అదుముకుంది. ఇద్దరూ తిరుగుతూ తిరుగుతూ జనం మీద వాలారు.

అప్పుడు అతను తలెత్తి చూశాడు. ఆ చూపు, ఆ ముడిపడ్డ కనుబొమలు, తప్పు చేసి దొరికినప్పుడు కింది పెదవి కొరుక్కునే ఆ అలవాటు. ఏడాదిగా ఇంట్లో లేనివాడు ఇప్పుడు వచ్చాడు.

"ఎందుకే అట్టా అరుస్తావు? ఊరంతా చూస్తంది" అన్నాడు, విసుక్కుంటూ.

"రెండు మాటలు తిట్టయ్యా" అంది కోటేశ్వరి. "ఇంకో రెండు తిట్టు."

"నీకు బుర్ర లేదే. నాకు పనుంది." బయట బండి దీపాలు ఆరి వెలిగాయి. అతను ఒకసారి అటు చూశాడు, ఒకసారి ఇటు చూశాడు. కోటేశ్వరి చెయ్యి ముందుకు చాచింది. పట్టుకుందామనుకుంది, ఆగమందామనుకుంది. ఒళ్ళో పిల్ల మడమ మీద రంగు ఇంకా ఆరలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఐదు నిమిషాల్లో వస్తానే" అన్నాడు అంకబాబు.

అతను గదిలోకి దాటగానే లోపలి తలుపు మూసుకుంది. గదిలో గోనెసంచులు ఎక్కడివక్కడే ఉన్నాయి. గుండిగలు, గరిటెలు, దిండు, పలక, పుట్టింటి గిన్నె, గుర్తు వేసినవన్నీ. ఒక్కటీ తీసుకోలేదు. అద్దం అవతల అతను వట్టి చేతులతో, ఏదో కూనిరాగం తీస్తున్నట్టు తల ఊపుకుంటూ బండి వైపు గెంతుకుంటూ పోతున్నాడు.

"ఒక్కటీ తీసుకెళ్ళలేదు. అన్నీ మర్చిపోయాడు" అంది సీతారావమ్మ, మెచ్చుకుంటున్నట్టు. "నా కొడుకే."

కోటేశ్వరి పిల్ల కాలు ఒళ్ళో పెట్టుకుని, చెంగు తడిపి మడమ తుడుస్తోంది. షమీమ్ గిన్నె మూత పెట్టింది. చందమామ పుట్టిన దగ్గర్నుంచి మబ్బు ముక్క ఎరగని ఆ నల్లటి ఆకాశం కింద బండి చిన్నదైపోతోంది.

పున్నయ్య తాత అద్దానికి ముక్కు ఆనించి, అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, కంగారుగా వెనక్కి తిరిగాడు.

"పోతే పోయాడు గానీ, నా గొడుగన్నా వెంట తీసుకెళ్ళాడంటారా? వాన పట్టేట్టుంది, తడిసిపోతాడు పిచ్చి సన్నాసి!"